ముప్పై ఒకటో నిమిషం

"కానీయవే కోడలా," అన్నాడు మామయ్య, బస్సు కదిలేముందు సీటు సరిచూసుకునే మనిషిలా కుర్చీని అటూ ఇటూ కదిపి, మెడలో వేలాడుతున్న సందర్శకుల కార్డును చొక్కా జేబులోకి దోపుకుంటూ. ఆమె ఎంటర్ నొక్కింది. గోడ గడియారం పదకొండూ పది చూపిస్తోంది, మామయ్య ఒకప్పుడు ఆడిన కంప్యూటర్ ఆట రికార్డు నిడివి నలభై ఏడు నిమిషాలు, అంటే పన్నెండుకు మూడు నిమిషాల ముందు అయిపోవాలి, అవుతుంది, మధ్యలో ఎక్కడా దారి తప్పకపోతే. పన్నెండుకు ఆ పాత ఆట కొత్త వెర్షన్‌కు సీలు వేస్తారు, ఆ పైన మార్పు కుదరదు. ఆఫీసంతా వెనకాల గడువు మేడమ్ అని పిలుచుకునే పెద్ద మేడమ్ నిన్న సాయంత్రం కోపంగా కాదు, విసుగ్గా కూడా కాదు, వర్షం పడుతుందని చెప్పినంత మామూలుగా చెప్పింది: ఈ ఒక్క రికార్డు మొదటి నుంచి చివరి దాకా, ముందుకు తోయకుండా, కొనుక్కున్నవాడు ఇంట్లో కూర్చుని చూసినట్టే చూసి సరిగ్గా నడిస్తే 'పాత రికార్డులు ఆడించు' అన్న మీట ఉంటుంది, లేకపోతే తీసేద్దాం, నిలబెట్టుకోలేని మాట ఇవ్వడం కంటే ఇవ్వకపోవడం మర్యాద. ఆ మాటలో తప్పు పట్టడానికేమీ లేదు. తప్పు పట్టడానికేమీ లేని మాటలే మనిషిని నిద్రపోనివ్వవు. పరీక్షించాల్సిన తుది బిల్డ్ పదకొండుకు గాని చేతికి రాలేదు. ముందు తనొక్కతే ఒకసారి చూసుకుని, బాగుంటేనే మామయ్యను పిలుద్దామనుకుంది, కాని నలభై ఏడు నిమిషాలు రెండుసార్లు ఒక గంటలో ఇమడవు. పైగా మొదటిసారి చివరిదాకా నడిచేటప్పుడు పక్కన నువ్వుండాలి అని రెండు నెలల కిందట మాట ఇచ్చేసింది. నడవకపోతే కూడా పక్కనే ఉంటాడన్న ఆలోచన అప్పుడు రాలేదు.

తెర మీద తుపాకీ పట్టుకున్న చెయ్యి, బూడిదరంగు కోట, మొదటి అంతస్తు. ఆటగాడు పరిగెత్తడం మొదలుపెట్టాడు. ఈ రికార్డులో బొమ్మలు లేవు. ఆ సంగతి ఆమెకు తొమ్మిదేళ్ళప్పుడు మామయ్యే చెప్పాడు. ఆడినదంతా బొమ్మలుగా దాచుకునేంత చోటు ఆ రోజుల్లో ఏ కంప్యూటర్‌కుంది, అందుకని ఆట తెలివిగా ఏ క్షణాన ఏ మీట నొక్కారో అది మాత్రమే రాసుకుంటుంది, సెకనుకు ముప్పై సార్లు, అంతకు మించి ఒక్క ముక్క రాసుకోదు. కళ్ళకు గంతలు కట్టుకున్నవాడికి దారి చెప్పినట్టే, పది అడుగులు వెయ్యి, కుడికి తిరుగు, ఇరవై అడుగులు వెయ్యి అంటే వాడు వెళ్తాడు, కాని ఊళ్ళో ఒక్క సందు ఒక్క అడుగు పక్కకు జరిగినా వాడు పోయి గోడకు కొట్టుకుంటాడు, కొట్టుకున్నాక కూడా పాపం ఇరవై అడుగులు వేస్తూనే ఉంటాడు అని మామయ్య లేచి కళ్ళు మూసుకుని నడిచి చూపించి కొట్టు తలుపుకు మోకాలు తగిలించుకున్నాడు. ఎన్నేళ్ళయింది, ఇరవై రెండా, ఇరవై మూడా. బొమ్మలు లేవే ఇందులో, నా వేళ్ళున్నాయి అన్నాడు. ఇప్పుడు ఆ వేళ్ళు పక్క కుర్చీ చేతుల మీద ఉన్నాయి, తూకం యంత్రాలు బాగుచేసి బాగుచేసి గోళ్ళ చుట్టూ నలుపు పట్టి, అర గ్రాము తేడాను కూడా పట్టుకునే వేళ్ళు. అవే వేళ్ళు తెర లోపల కూడా ఉన్నాయి, ముప్పై ఏళ్ళ వయసువి, మలుపు దగ్గర ఎడమ మీటను చిటికెడు ముందే వదిలేసేవి. ఆమెకు ఆ వదిలే తీరు తెలుసు. కోడ్‌లో అంకెలుగా చూసినా గుర్తుపడుతుంది, దస్తూరి చూసి ఎవరి ఉత్తరమో చెప్పినట్టు.

మామయ్య కొట్టులో ఆరు కంప్యూటర్లు ఉండేవి. పాత దుప్పట్లు చింపి అమ్మ కుట్టిన ముసుగులు వాటికి, ఒక దాని మీద ఏనుగు తల, ఇంకో దాని మీద ఏనుగు తోక. నాన్న పొద్దున్నే గచ్చు పని మీద వెళ్ళేవాడు, అమ్మ ఇస్త్రీ కొట్టుకు వెళ్ళేది, బడి వదిలాక పిల్లను చూసుకునేది అమ్మ తమ్ముడైన మామయ్య తప్ప ఇంకెవరున్నారు, అందుకని ఆమె హోంవర్క్ అంతా మామయ్య బల్ల కింద, తీగల మధ్య, వేడెక్కిన దుమ్ము వాసనలో జరిగింది. గంటకింతని ఇచ్చి ఆడుకునేవాళ్ళు వెళ్ళిపోయాక మామయ్య తను ఆడేవాడు. ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఆడేవాడు. కోటలోని వికారపు జీవాలకు కొట్టులో వాళ్ళంతా పందికొక్కులని పేరు పెట్టారు, చిన్న పందికొక్కు, ఎర్ర పందికొక్కు. ఆమెకు తుపాకీ పని ఉండేది కాదు, తలుపు తెరిచే మీట ఆమెది. ఆ మీట ఉత్త గోడ ముందు నొక్కితే ఆటగాడు 'హుఁ' అని మూలుగుతాడు. ఎక్కడో ఒక గోడ వెనకాల రహస్యపు గది ఉంటుందని మామయ్య చెప్పాక ఆమె కనపడిన ప్రతి గోడ ముందూ ఆ మీట నొక్కేది, హుఁ, హుఁ, హుఁ. గోడను అడుగు అనేవాడు మామయ్య, గోడలకు చెవులుంటాయంటారు కదే, అడిగితే ఏదో ఒకటి వింటుంది. ఏదీ వినలేదు. అయినా అడగడం మానలేదు. ఇప్పుడు ఆఫీసులో జీతం తీసుకుంటూ చేస్తున్నది కూడా ఇదే పని కాదా, రెండేళ్ళుగా, పాత కోడ్‌లో లక్షా ఇరవై వేల వరుసల గోడ, వరుస వరుసనూ తట్టడం, హుఁ అంటే పక్క వరుసకు జరగడం.

రెండో అంతస్తు అయింది. మామయ్య దగ్గాడు. తెర సెకనుకు నూట నలభై నాలుగు సార్లు మెరుస్తోంది, పాత ఆటకు తెలిసింది ముప్పై సార్లే, మధ్యలోని బొమ్మలన్నీ ఆమె కట్టినవి, అడుక్కీ అడుక్కీ మధ్య అడుగులు, అందుకే ఆటగాడు నీళ్ళ మీద పడవలా జారుతున్నాడు. చూసేవాళ్ళకు కనపడేది ఇదే. కనపడనిది కింద ఉంది. నాన్న అనేవాడు, పైన రాయి ఎంత మెరిస్తే ఏం లాభం, కింద నేల మట్టంగా లేకపోతే కంటికి తెలియకపోయినా పాదానికి తెలుస్తుంది. అందుకే మొదట్లో ఎక్కడ వంకర కనపడితే అక్కడ చెక్కేసింది. డిగ్రీ చదివిన మొదటి మనిషి కదా ఇంట్లో, తప్పు కనపడితే దిద్దకుండా ఉండటం దొంగతనంలా అనిపించేది. మూడో అంతస్తులో ఒక మూల ఉంది, రెండు గోడలు కలిసే చోట పాత లెక్కలో వెంట్రుకవాసి పొరపాటు, అక్కడ ఒరుసుకుంటూ వెళ్తే ఆటగాడు అంగుళం ముందుకు జారతాడు. దాన్ని సరిచేసి గర్వపడి ఇంటికి ఫోన్ కూడా చేసింది. మర్నాడు వెయ్యి పైచిలుకు పాత రికార్డుల్లో మూడు వందలు ఆ మూల దగ్గరే బోల్తా కొట్టాయి. ఇన్నేళ్ళుగా జనం ఆ పొరపాటు మీదే అడుగేసి నడిచారు. అప్పుడు అర్థమైంది, ఇది కొత్త గచ్చు పని కాదు. అరిగిన మెట్టును ఎక్కడ ఎంత అరిగిందో అంతే అరిగినట్టు కొత్త రాతితో చెక్కాలి. పొరపాటును పొరపాటుగానే, వెంట్రుక తేడా లేకుండా, మళ్ళీ రాయడానికి పదకొండు రోజులు పట్టింది. సరిగ్గా రాయడానికి రెండే రోజులు పట్టింది.

అదిగో మూల. మామయ్య వేళ్ళు కుర్చీ చేతిని గట్టిగా పట్టుకున్నాయి. ఆమె తెర చూడలేదు, ఆ వేళ్ళనే చూసింది. ఆటగాడు గోడకు ఒరుసుకున్నాడు, జారాడు, దాటాడు. వేళ్ళు వదులయ్యాయి. ఈ మూల దగ్గరే కదా ఆయనకు ఓ వెక్కిరింపు పేరు వచ్చింది. పోటీ పెట్టారు ఎవరో, కోట మొత్తం ఎవరు వేగంగా దాటుతారో రికార్డు పంపమని, మధ్యలో ఆపకూడదని. మామయ్య నలభై ఏడు నిమిషాల్లో దాటాడు. ఫ్లాపీకి ఒక నకలు తీసి దాచుకుని, అసలుది గుడ్డలో చుట్టి, అట్టపెట్టెలో పెట్టి, పోస్టు చేశాడు. రెండు నెలల తర్వాత జవాబు వచ్చింది. కొట్టు నిండా మనుషులున్నప్పుడు వచ్చింది, ఎవడో చించి పైకి చదివేశాడు: మీ రికార్డులో ఆటగాడు గోడకు తగులుకుని అక్కడే నిలబడి చనిపోయాడు, దయచేసి పూర్తి చేసిన ఆటలు మాత్రమే పంపగలరు. ఆ తర్వాత ఆయన గోడాయన. గోడాయన కొట్టెక్కడ, గోడాయన ఉన్నాడా, ఏం గోడాయనా ఇవాళైనా తలుపు కనపడిందా. ఆయనా నవ్వేవాడు వాళ్ళతో కలిసి. వాళ్ళ కంప్యూటర్‌లో ఆ మూలను సరిదిద్దిన తర్వాతి వెర్షన్ ఉందని, తప్పు ఆయనది కాదని, ఎవరిదీ కాదని అప్పుడు ఎవరికి తెలుసు. నేను చివరిదాకా ఆడానురా అని ఒక్కసారే అన్నాడు, ఎవరూ నమ్మకపోయేసరికి రెండోసారి అనలేదు. తర్వాత ఇంటింటికీ కంప్యూటర్లు వచ్చాయి, కొట్టుకు వచ్చేవాళ్ళు తగ్గారు, ముసుగులు కప్పేశాడు, తూకాల పని నేర్చుకున్నాడు. తూకం నయమే కోడలా, అనేవాడు, అది అబద్ధమాడితే పక్కన రాయి పెట్టి నిరూపించొచ్చు.

గోడకు తగులుకుని. ఆ రెండు మాటలు విన్నప్పుడు ఆమె బల్ల కిందే ఉంది, మూడో తరగతి లెక్కల పుస్తకం ఒళ్ళో పెట్టుకుని. గోడ అనగానే తెలిసింది ఆ పని తనదేనని. మామయ్య ఆ రికార్డు ఆడుతున్న మధ్యాహ్నం ఎవరో వాకిట్లోంచి పిలిచారు, ఆయన ఆటగాణ్ణి ఒక స్తంభం చాటున నిలబెట్టి, ఒళ్ళోంచి ఆమెను కుర్చీలో దించి, ముట్టుకోకమ్మా, రాసుకుంటోంది అని చెప్పి లేచి వెళ్ళాడు. ముట్టుకోవద్దంటే ముట్టుకోకుండా ఉండే పిల్లలు ఏ ఇంట్లో ఉన్నారో ఆమెకు తెలియదు. ఎదురుగా గోడ ఉంది. అడిగింది. హుఁ. ఇంకొకటి అడిగింది. వెనక నుంచి నిప్పుముద్ద వచ్చి తగిలింది, తెర ఎర్రబడింది, కింద ప్రాణం అంకె నలభై ఒకటి నుంచి తొమ్మిదికి పడిపోయింది, గబుక్కున చేతులు తీసి తొడల కింద పెట్టుకుంది. మామయ్య వచ్చాడు, తెర చూశాడు, ఆమెను ఎత్తి ఒళ్ళో పెట్టుకుని ఆడటం సాగించాడు, ఒక్క మాట అడగలేదు. అంతే. ఉత్తరంలో గోడ అని ఉంది, తను గోడను అడిగింది, పిల్ల లెక్కకు అంతకు మించి రుజువేం కావాలి. ఎవరికీ చెప్పలేదు. హాస్టల్లో చెప్పలేదు, ఇంజినీరింగు చదివేటప్పుడు తను నొక్కినవీ రికార్డులోనే ఉంటాయి గనక ఇది అసాధ్యమని తేలిగ్గా తెలిసిపోయినప్పుడూ చెప్పలేదు. తెలిసింది బుర్రకు, తొడల కింద దాచుకున్న చేతులకు తెలియలేదు. ఉద్యోగం ఇచ్చేటప్పుడు ఈ ఆట ఇంజిన్ మీద పని మీకెందుకు ఇష్టం అని అడిగారు. చిన్నప్పుడు ఆడేదాన్ని అంది. ఆడేదాన్నని అనకూడదు, అడిగేదాన్ని అనాలి.

పదకొండూ ముప్పై. ఆరో అంతస్తు. మామయ్య రెండు నెలల కిందట ఫ్లాపీని తూకం రాళ్ళ పెట్టెలోంచి తీసి ఇచ్చాడు, అయస్కాంతం దగ్గర పెట్టకూడదని ఇన్నాళ్ళూ ఇత్తడి రాళ్ళ మధ్య దాచాడట. నాలుగుసార్లు పలకలేదు, అయిదోసారి పలికింది. అంత సేపూ నాన్న పక్కన నిలబడి, దాంట్లో ఏముంది అంత, అన్నాడు, వేళ్ళు అంది ఆమె, నాన్న మామయ్య వేళ్ళ వంక చూసి, అన్నీ ఉన్నాయిగా అన్నాడు. పాత రికార్డులన్నిటితో పాటు దీన్నీ పరీక్షకు పెట్టింది. అవన్నీ బొమ్మ గీయకుండా వేగంగా నడిపే పరీక్షలు, నలభై ఏడు నిమిషాలు నాలుగు సెకన్లలో అయిపోతాయి, చివరికి చేరిందని ఒక పచ్చ గీత వస్తుంది. వచ్చింది. ఆ పచ్చ గీత చూసి బాత్‌రూమ్‌కు వెళ్ళి ముఖం కడుక్కుని వచ్చింది. చివరిదాకా ఆడాడు, అబద్ధం చెప్పలేదు. కాని మామయ్యకు పచ్చ గీత చూపించి ఏమని చెప్పాలి, గోడాయన అన్నవాళ్ళకు ఏమని చూపించాలి, అందుకని తెర మీద, బొమ్మతో, మామూలు వేగంతో పెట్టింది. ముప్పై ఒకటో నిమిషంలో ఆటగాడు చచ్చిపోయాడు. మళ్ళీ పెట్టింది. ముప్పై ఒకటో నిమిషం. ఎక్కడ, ఏడో అంతస్తు స్తంభాల హాల్లో, ఆటగాడు చాటున కదలకుండా నిలబడ్డ చోట, తన చేతులు ఇంకా పడకముందే. పచ్చ గీత బాగుందంటుంది, కళ్ళు బాగాలేదంటాయి. ఆ వారం ఆమెకు మూడో తరగతి లెక్కల పుస్తకం వాసన వస్తూనే ఉంది. వెయ్యి రికార్డుల్లో ఒక్కటి పోతే పోయిందిలే, మీట ఉంచేద్దాం అన్నారు తోటివాళ్ళు, మేడమ్ తల అడ్డంగా ఊపింది, మనం చూసిన పొడుగు రికార్డు అదొక్కటే, చూడనివి ఎలా ఉన్నాయో అంది. అదీ నిజమే.

మొన్న దొరికింది. దొరికింది అనడం గొప్ప, చేసినదాన్ని నేనే అని ఒప్పుకోవలసి వచ్చింది. ఆటలో అదృష్టం అంటూ ఏదీ లేదు. రెండు వందల యాభై ఆరు అంకెల పట్టిక ఒకటుంది, ఎప్పుడో ఎవరో రాసి పెట్టింది. పందికొక్కు నిద్ర లేవాలా వద్దా, తూటా తగలాలా వద్దా, ఏది తేలాలన్నా ఆట ఆ పట్టికలో తరవాతి అంకె తీసుకుంటుంది, చివరికి రాగానే మళ్ళీ మొదటికి. వరుస తప్పకపోతే అదే అదృష్టం అదే చోట మళ్ళీ దొరుకుతుంది, అందుకే రికార్డులు నడుస్తాయి. కోట మొత్తంలో దివిటీలు ఉన్నది ఏడో అంతస్తులోని ఆ ఒక్క హాల్లోనే. ఉద్యోగంలో చేరిన తొలి నెలలో ఆమె ఆ మంటలకు కొత్త రెపరెపలు రాసింది, చూసిన ప్రతివాళ్ళూ మెచ్చుకున్నారు. మంట ఎటు ఊగాలో తేల్చడానికి దగ్గర్లో కనపడిన పట్టికలోంచే అంకె తీసుకుంది. పొయ్యి మీద పెట్టడానికి వంటింట్లో చేతికందిన గిన్నె తీసుకున్నట్టు, అంతే, అది ఎవరి గిన్నె అని అడగలేదు. బొమ్మ గీసినప్పుడల్లా మంట ఒక అంకె మింగుతుంది, సెకనుకు నూట నలభై నాలుగు అంకెలు, పందికొక్కు వంతు అంకె ఇంకెవరికో పోతుంది, నిద్రపోవలసినది లేచి వచ్చి కొరుకుతుంది. బొమ్మ గీయని పరీక్షలో మంటే లేదు, ఆకలీ లేదు, అందుకని పచ్చ గీత. మంటకు వేరే పట్టిక ఇచ్చి, దాని గిన్నె దానికి పెట్టి, మొన్న మధ్యాహ్నమే, భోజనం బల్ల దగ్గర మేడమ్‌కు చెప్పింది, ఆ తప్పు నాదేనండీ అని. మేడమ్ పెరుగు కలుపుకుంటూ, తప్పు ఎవరిదని అడగలేదే నేను, సరిగ్గా నడుస్తుందా అని అడిగాను అంది. నడుస్తుంది అనుకుంటున్నాను. అనుకోవడం కాదు, చూడాలి. సరే చూద్దాం.

ఏడో అంతస్తు మెట్లు. ఇరవై తొమ్మిదో నిమిషం. వెనక తలుపు చప్పుడైంది, మేడమ్ వచ్చి గోడకు ఆనుకుని నిలబడింది, చేతిలో టీ కప్పు. దివిటీలు వెలిగాయి. ఎంత బాగున్నాయి వెధవ మంటలు, ఆమెకే ముచ్చటేసింది, ముచ్చటేసినందుకు సిగ్గేసింది. నీ బాగు కోసం ఎవరి వరుస తప్పించావే. ఆటగాడు స్తంభం చాటుకు వెళ్ళాడు, ఆగాడు. ప్రాణం నలభై ఒకటి. కొట్టు వాకిట్లో ఎవరో పిలిచారు. ఇప్పుడు ఎవరూ పిలవలేదు, అప్పుడు పిలిచారు, ఆ పిలుపు రికార్డులో లేదు, ఆగడం మాత్రం ఉంది. మంటలు ఊగుతున్నాయి. పది సెకన్లు. మొన్నటి దాకా ఇక్కడే, ఎడమ స్తంభం వెనకనుంచి, ముందు నీడ వచ్చేది, తర్వాత కోరలు. ఇరవై. ఎ.సి. నుంచి బకెట్‌లోకి చుక్క పడింది. మామయ్య చెప్పులు విప్పి కాళ్ళు నేలకు ఆనించాడు. ముప్పై. నీడ రాలేదు. నలభై సెకన్లు మనిషి ఇంత పొడుగ్గా ఎందుకు నిలబడతాడు, ఎవరు మామయ్యా నిన్ను పిలిచింది, ఏం పనుందని అంతసేపు మాట్లాడావు. పందికొక్కు నిద్రపోతోంది. ఎక్కడో స్తంభం వెనక, పట్టికలో తన అంకె తనకు అందినందుకు, హాయిగా నిద్రపోతోంది.

ఆటగాడు కదిలాడు.

ఆ కదలిక మామయ్యది కాదు. చూడగానే తెలిసిపోతుంది, ఒక అడుగు, ఆగడం, అర అడుగు, తల అటూ ఇటూ, తప్పతాగినవాడిలాగా, కాదు, పెద్ద చెప్పులు వేసుకుని నడిచే పిల్లలాగా. గోడ దగ్గరికి వెళ్ళాడు. హుఁ. స్పీకర్లలోంచి గదంతా వినపడింది. పక్కకు జరిగాడు. హుఁ. ఇంకా పక్కకు, ముక్కు గోడకు ఆనించి. హుఁ. ఆమెకు రెండుసార్లే గుర్తుంది, మూడుసార్లు అడిగిందన్నమాట. ఎంత ఓపికగా అడిగింది. ఆ వేళ్ళు ఎంత చిన్నవి. ఆమె చేతులు ఎప్పుడు వెళ్ళాయో తొడల కిందికి వెళ్ళి ఉన్నాయి. నిప్పుముద్ద, ఎర్ర తెర, నలభై ఒకటి, తొమ్మిది. సరిగ్గా తొమ్మిది. పదకొండు సెకన్లు, మొత్తం అంతే, ఇరవై రెండేళ్ళు మోసిన బరువు తూకం వేస్తే పదకొండు సెకన్లు వచ్చింది. చెప్పెయ్, ఇప్పుడు చెప్పెయ్యాలి. "మామయ్యా, ఇక్కడ..." అంది.

"నువ్వేగా," అన్నాడు మామయ్య తెర మీంచి కళ్ళు తిప్పకుండా. "వాకిట్లోంచి చూస్తూనే ఉన్నా. కరెంటు బిల్లాయన ఏదో చెప్తున్నాడు, నాకొక్క ముక్క వినపడితే ఒట్టు. గోడ ఎక్కడ పలుకుతుందోనని నేనూ చూస్తున్నా."

"మరి అడగలేదేం?"

"ఏం అడగను? అడగడం నీ పని, నాది కాదుగా." తెర వైపు గడ్డం ఊపి అన్నాడు, "ఫ్లాపీతో పెట్టిన ఉత్తరంలో రాశానే వాళ్ళకి. మధ్యలో ఓ పది సెకన్లు మా మేనకోడలు ఆడింది, పోటీలో లెక్కపెట్టకపోయినా పర్లేదు, ఒకసారి చూడండి చాలని. చూళ్ళేదు పాపం, వాళ్ళ మిషన్లో మూడో అంతస్తులోనే పోయాగా."

రాశాడు. పోటీ పోతుందని తెలిసే రాశాడు. ఆమె పేరు తెలియని ఎవరో, ఆ ఉత్తరం మడిచి ఎక్కడో పారేసినవాళ్ళు, ఆమె ఇరవై రెండేళ్ళు దాచిన సంగతిని మొదటి రోజే చదివారు. నవ్వొచ్చింది, నవ్వు మధ్యలో కళ్ళు తడిశాయి, వెనక మేడమ్ ఉందని గుర్తొచ్చి ముక్కు తుడుచుకుంది. మేడమ్ టీ తాగడం మానేసి ఎప్పుడో కుర్చీ లాక్కుని కూర్చుంది.

తెర మీద ఇప్పుడు మామయ్య వేళ్ళు తిరిగొచ్చాయి. కాని ఇవి ఇందాకటి వేళ్ళు కావు. నలభై ఒకటి ఉన్నప్పుడు ఎదురెళ్ళి కొట్టిన మనిషి తొమ్మిదితో మలుపు మలుపుకీ ఆగుతున్నాడు, తలుపు తీసి వెనక్కి తగ్గుతున్నాడు, ఒక్క తూటా వృథా చెయ్యకుండా, ఒక్క నిప్పుముద్దకు దొరక్కుండా, కంటికి రెప్పలా కాచుకుంటూ ఆ తొమ్మిదిని మోసుకెళ్తున్నాడు. ఎనిమిదో అంతస్తు. ఒళ్ళో పిల్ల ఉంది అప్పుడు, చేతులు తొడల కింద దాచుకుని, ఊపిరి బిగబట్టి. ఆ పిల్ల వీపు ఆయన పొట్టకు ఆని ఉంది, ఆయన గుండె కొట్టుకోవడం వీపుకు తెలిసింది, కోపంతో అనుకుంది. కోపం కాదది. "నలభై ఉంటే ఇంత బాగా ఆడేవాణ్ణి కాదే," అన్నాడు మామయ్య మెల్లగా, తనలో తను, "ఎర్రదాని దగ్గర దూకుడుగా వెళ్ళి చచ్చేవాణ్ణి. ప్రతిసారీ అక్కడే చచ్చేవాణ్ణి." తొమ్మిదో అంతస్తు, ఎర్ర పందికొక్కు, దాని చుట్టూ గుండ్రంగా, గుండ్రంగా, పట్టికలో అంకెలు ఒకటి తర్వాత ఒకటి వరుస తప్పకుండా రాలుతున్నాయి, దేని అంకె దానికి. ఇప్పుడు ఎక్కడ తప్పినా తప్పొచ్చు, ఇంకో మంట ఎక్కడైనా దాగి ఉండొచ్చు, నేను రాసిన ఇంకే అందమైనా దీని గిన్నె తీసుకుని ఉండొచ్చు, పదకొండూ యాభై అయిదు, గుండ్రంగా, గుండ్రంగా. ఎర్రది కూలింది. ప్రాణం తొమ్మిది.

బయటికి పోయే మీట ఎదురుగా మెరుస్తోంది. నాలుగడుగులు. ఆటగాడు రెండడుగులు వేసి ఆగాడు. తప్పింది, దారి తప్పింది, చివర్లో, రెండడుగుల దూరంలో. ఆటగాడు మీటకు వీపు తిప్పాడు, పక్కనున్న ఉత్త గోడ దగ్గరికి నడిచాడు, ఎదురుగా నిలబడ్డాడు, ఎవరికోసమో ఎదురుచూస్తున్నట్టు. మామయ్య కదల్లేదు. పెదవుల చివర ఏదో ఉంది, ఇరవై రెండేళ్ళుగా దాచినది. అప్పుడు ఆమెకు గుర్తొచ్చింది. మెదడుకు ముందు వీపుకు గుర్తొచ్చింది, ఆయన పొట్ట నవ్వుతో కదలడం, తొడల కిందినుంచి తన కుడిచేతిని ఆయన బయటికి లాగి కీబోర్డు మీద పెట్టడం, చెవి దగ్గర, ఇదొక్కటి అడగలేదుగా, అడుగు.

హుఁ, అంది గోడ.

ఆటగాడు తిరిగాడు, వెళ్ళి మీట నొక్కాడు. తెర తెల్లబడింది, పేర్లు పైకి పాకడం మొదలుపెట్టాయి. పదకొండూ యాభై ఏడు. పరిచయం లేని పెద్దమనిషి ఎదుట ఎలా లేస్తారో అలా మేడమ్ లేచి, మామయ్య ముందుకు వచ్చి, "బాగా ఆడారండీ," అంది. మామయ్య చొక్కా సరిచేసుకుని, "ఇద్దరం ఆడాం," అన్నాడు. మేడమ్ తన ల్యాప్‌టాప్ తెచ్చి ఆమె ముందు పెట్టింది. సీలు వేసే పట్టిక తెరిచి ఉంది, చివరి వరుసలో 'పాత రికార్డులు ఆడించు', పక్కన రెండు గడులు, ఉంచు, తీసెయ్. ఆమె చేతులు ఇంకా తొడల కిందే ఉన్నాయి, పిల్లలా కూర్చుని ఆ గడుల వంక చూస్తోంది.

"నొక్కవే కోడలా," అన్నాడు మామయ్య చెప్పులు వేసుకుంటూ. "ఈసారి దొంగచాటుగా అక్కర్లేదు."

ఆమె కుడిచెయ్యి బయటికి తీసి నొక్కింది.